గరుకు కాగితం ఓబులయ్య చేతికి

మార్కాపురం, కర్నూలు జిల్లా.
1944 ఫిబ్రవరి.

నాయనా నిత్యానందం,

నీ తల్లి సువార్తమ్మ దీవించి వ్రాయునది. ముందు నీ ఒళ్లు ఎట్లున్నది? మోకాలి వాపు నిజంగా దిగిందా, నేను అడుగుతానని దిగిందని వ్రాస్తున్నావా? నీ పక్క మంచం గిద్దలూరు ఓబులయ్యకు దగ్గు తగ్గిందా? గొర్రెల వెంట కొండల్లో తిరిగిన మనిషి, నాలుగు గోడల మధ్య పెడితే దగ్గడా మరి. మీ హవల్దారు గారి పంటి పోటు ఎట్లున్నది? లవంగం నొక్కి పెట్టుకొమ్మని నా మాటగా చెప్పు. మీ జాబులన్నీ విప్పి చదివే ఆఫీసు అయ్యగారు ఎట్లున్నారు? అయ్యా, నా వంకర అక్షరాలతో మీ కళ్లకు శ్రమ. కోప్పడవద్దు. మీ ఇంట్లో పిల్లలు సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఇక్కడ నేను బాగున్నాను. అట్ల వ్రాయగానే నీ భార్య నా మొహం వైపు చూస్తున్నది, కాబట్టి నడుము నొప్పి ఉన్నదని కూడా వ్రాస్తున్నాను. దయామణి బాగున్నది. పక్కన కూర్చొని నా ఒత్తులు దిద్దుతున్నది. నీ కూతురు పుష్పమ్మకు ఆటలమ్మ పోసి తగ్గింది. తగ్గినాకనే చెబుతున్నాను, లేకపోతే నీకు నిద్ర ఉండదు.

ఇక నాకు నిద్ర లేని సంగతి. పోయిన జాబులో నువ్వు "ఈ వారం రెండు ట్యాంకులు పూర్తి చేసినాను, ఒకటి మనది, ఒకటి శత్రువుది" అని వ్రాసినావు. ట్యాంకంటే ఏందో నాకు తెలియక, దొనకొండ విమానాల మైదానానికి కట్టెలు తోలే మన పిచ్చయ్యను అడిగినాను.

"ఇనుప ఇల్లు వదినా. దానికి చక్రాలుంటాయి. లోపల మనుషులు కూర్చుంటారు. మంట తగిలిందనుకో, తలుపు తీసేలోపల..."

"ఆపు నోరు."

"నువ్వే గదా అడిగితివి!"

నాయనా, బడిపిల్లల పలకలకు చట్రాలు కట్టే వడ్రంగివి నువ్వు. ఇనుప ఇల్లు వారానికి రెండు ఎట్ల చేస్తావు? శత్రువు బండి నువ్వెందుకు చేస్తావు? చేసి ఎవరికిస్తున్నావు? దొరలకు తెలిస్తే జైల్లో పెట్టరా? నువ్వు నిజంగా ఆ బండిలో కూర్చొని, నాకు భయమని వడ్రంగి పని అని వ్రాస్తున్నావేమో. ఉన్నది ఉన్నట్టు వ్రాయి. వెంటనే వ్రాయి.

నీ అమ్మ,
సువార్తమ్మ


సైనిక శిక్షణ శిబిరం, బెంగుళూరు.
1944 మార్చి.

అమ్మకు నిత్యానందం వందనాలు.

నీ జాబు చదివి ఆఫీసు అయ్యగారు నన్ను పిలిపించినారు. శిక్ష వేస్తారేమోనని పోయినాను. "మా పిల్లలు సుఖంగా ఉన్నారని మీ అమ్మకు వ్రాయి" అన్నారు. వ్రాసినాను.

నేను చేసే ట్యాంకు నీ అరచేతిలో పడుతుందమ్మా. కొయ్యది. నిజం బండిలో అడుగు పొడవు ఉన్నది మా బొమ్మలో పావంగుళం. చూడటానికి ఆట బొమ్మే గానీ ఎక్కడా కొలత తప్పకూడదు. యుద్ధంలో దుమ్ము లేచినప్పుడు దూరాన వచ్చే బండి మనదో వాళ్లదో సిపాయికి తెలియాలి గదా. మనదానిమీద మనవాళ్లే కాల్చుకుంటే? అందుకని రెండు రకాలూ చేసి కొత్తగా చేరినవాళ్లకు చూపించి నేర్పుతారు.

మా కొట్టంలో నేనూ, ఓబులయ్యా, ఇంకో ఇద్దరు వడ్రంగులూ ఉన్నాము. కాగితం మీది కొలతలు చూసి నేను కోస్తాను, చెక్కుతాను, రుద్దుతాను. ఓబులయ్య రంగు వేస్తాడు. బండి కింద తిరిగే గొలుసు పట్టీకి పాత సైకిలు ట్యూబు కోసి, దానిమీద అగ్గిపుల్ల ముక్కలు అడ్డంగా అంటిస్తాము. ఫిరంగి గొట్టం విరిగిన గొడుగు కమ్మి. ఇనుప రేకులను కలిపే రివెట్లని ఉంటాయి, గుండ్రని తలల మేకుల మాదిరి. వాటికి ఏం పెట్టాలా అని చాలా అవస్థ పడి, చివరకు రాగి గింజలు వరసగా అంటించినాను. కెప్టెను దొర భూతద్దం పెట్టి చూసి నా వీపు తట్టినాడు. తెల్లవారి చూస్తే ఒక్క రివెట్టు లేదు. ఎలుకలు ట్యాంకు చుట్టూ తిరిగి అన్నీ తిని పోయినాయి. "శత్రువు దాడి చేసినాడు" అని ఓబులయ్య ఒకటే నవ్వు.

మోకాలు నిజంగానే దిగింది. తిండి మాత్రం అడగవద్దు. గోధుమ రొట్టెలు చెప్పు అట్టల మాదిరి ఉంటాయి. పప్పులో పప్పు కనపడదు.

నీ కొడుకు,
నిత్యానందం


మార్కాపురం.
1944 మార్చి.

నాయనా,

నీ జాబు దయామణి రెండుసార్లు చదివింది, నేను చదవమన్నందుకు ఇంకోసారి చదివింది. నువ్వు బొమ్మలు చేస్తున్నావు! ఆదివారం గుడిలో అందరికీ చెప్పినాను. పాస్టరు గారి భార్య "దొరలు బొమ్మలతో ఆడుకుంటారా సువార్తమ్మా?" అన్నది. "ఆడుకోరమ్మా, చదువుకుంటారు" అన్నాను.

కానీ రాగులా? ఇక్కడ సంగటికి రాగులు దొరక్క మనుషులు కంభం దాకా పోతుంటే నువ్వు బండికి అంటిస్తావా? సరే, దొర మెచ్చుకున్నాడు కాబట్టి ఊరుకుంటున్నాను. ఎండుమిరపకాయలు నానేసిన నీళ్లలో గింజలు ఒక రాత్రి ఉంచి, ఎండబెట్టి, అప్పుడు అంటించు. ఎలుక ఒకసారి నోరు పెట్టిందంటే మళ్లీ మీ కొట్టం వైపు చూడదు. ఆ చేత్తో కళ్లు మాత్రం నలుపుకోవద్దు.

ఇంకొక మాట. అంచులు బాగా రుద్దు. ఆ కొత్త పిల్లగాళ్లు చేతుల్లోకి తీసుకొని చూస్తారు గదా. మీ నాయన చట్రం మూల మీద బొటనవేలు తిప్పి, ఎక్కడన్నా గీరుకుంటే మొత్తం మనమీదికి విసిరేవాడు, జ్ఞాపకం ఉందా? ఎవరి బిడ్డ చెయ్యీ కోసుకోకూడదు. గోధుమ రొట్టె పాలలో నానేసుకొని తిను. పాలు ఇస్తారా? ఇవ్వకపోతే వేణ్నీళ్లలో.

నీ అమ్మ


బెంగుళూరు శిబిరం.
1944 మే.

అమ్మకు వందనాలు.

మిరప నీళ్లు పనిచేసినాయి. రివెట్లు ఒక్కటీ పోలేదు. ఇదొక్కటే మంచి వార్త.

పోయిన వారం పరీక్ష జరిగింది. మైదానంలో ఒక ఇసుక దిబ్బ మీద నా బొమ్మలు పెట్టినారు. పది గజాల అవతల కొత్త సిపాయిలను నిలబెట్టినారు. అంత దూరం నుంచి బొమ్మను చూస్తే, నిజం బండిని దగ్గర దగ్గర ఐదు వందల గజాల నుంచి చూసినట్టు. ఒక్కొక్క బండి మీది గుడ్డ తీయగానే "మనది" అనో "వాళ్లది" అనో అరవాలి. శత్రువు ట్యాంకు మీద గుడ్డ తీసినారు. సగానికి పైగా "మనది! మనది!" అని అరిచినారు.

కెప్టెను దొర దిబ్బ దగ్గరికి పోయి ఆ బొమ్మ చేతిలోకి తీసుకొన్నాడు. అంచుల మీద బొటనవేలు తిప్పినాడు, అచ్చం నాయన మాదిరి. అయితే ఆయనకు కోపం వచ్చింది గీరుకోనందుకు. "దీన్ని సబ్బులాగా అరగదీసింది ఎవరు?" అని హవల్దారు చేత అడిగించినాడు. మన ట్యాంకు పోత పోసింది, దానికి నున్నని గుండ్రని ఒళ్లు. వాళ్లది రేకులు కలిపి కట్టింది, మూలలు కోసుగా ఉంటాయి. దూరం నుంచి గుర్తుపట్టే తేడా అదే. నేను దాన్నే రుద్దేసినాను.

మళ్లీ కొత్తగా చేసినాను అమ్మా. జాగ్రత్తగానే చేసినాను. అయినా పొద్దున కోసుగా వదిలిన మూల సాయంత్రానికి నున్నగా కనపడుతున్నది. ఎప్పుడు రుద్దినానో నాకే తెలియదు. గరుకు కాగితం చేతిలో ఉంటే చెయ్యి దానంతట అదే పోతున్నది.

జూలైలో ఇంకొక పరీక్ష పెడతారు. అందులోనూ తప్పితే కొట్టం మూసేసి, అచ్చు బొమ్మల కాగితాలతో పాఠం చెబుతారట. వడ్రంగులమందరమూ వంతెనలు కట్టే దళంతో బర్మా సరిహద్దుకు పోవలసిందే. దాచితే నీకు పిచ్చయ్య చెబుతాడని నేనే చెబుతున్నాను. భయపడవద్దు అంటే నువ్వు వినవు గానీ, భయపడవద్దు.

తిండి అట్లనే ఉన్నది. ఇప్పుడు పప్పులో రాళ్లు కూడా చేరినాయి.

నిత్యానందం


మార్కాపురం.
1944 జూన్.

నాయనా,

నీ జాబు వచ్చినప్పటి నుంచి నేను రెండు పనులు చేసినాను. ఒకటి ఏడవటం. అది అయిపోయింది. రెండోది చెబుతాను, విను.

మనుషులు ఎక్కి దిగే బండికి అంచులు రుద్దకుండా ఎవరన్నా వదులుతారా? నాకు నమ్మబుద్ధి కాలేదు. నీ దొర పొరపాటు పడినాడేమో, నా కళ్లతో చూడాలనుకొన్నాను. దయామణి వద్దన్నది. నాకూ రైలంటే గుండె దడ. అయినా పిచ్చయ్యను తీసుకొని దొనకొండకు పోయినాను. స్టేషను పక్క పట్టాల మీద గూడ్సు బండి నిలబడి ఉన్నది. దానిమీద గుడ్డ పట్టాలు కప్పిన పటాలం బండ్లు. ఒకదాని పట్టా ఒక పక్క తొలగి ఉన్నది. ట్యాంకు కాదట, దాని తమ్ముడట, కింద అదే గొలుసు పట్టీ. నేను పోయి దాని అంచు మీద అరచెయ్యి పెట్టినాను. తుపాకీ పట్టుకొన్న పిల్లగాడు పరుగెత్తుకొచ్చినాడు. నెల్లూరు వాడట.

"ఏయ్ అవ్వా, దూరం పో! ఏంది అట్ల తడుముతున్నావు, బర్రెను బేరం చేసినట్టు?"

"అంచులు చూస్తున్నా నాయనా. రుద్దినారా లేదా అని."

"ఎవురు రుద్దుతారు అవ్వా? అది ఇనుము."

"ఎక్కేటప్పుడు మీ చేతులు కోసుకోవా?"

వాడు తుపాకీ చంకలో ఇరికించుకొని రెండు అరచేతులూ చూపించినాడు. అన్నీ గీతలే. "ఇదిగో, చూసుకో. ఇప్పుడన్నా పో, మా సుబేదారు వస్తాడు."

వెనక్కి తిరిగితే పిచ్చయ్య లేడు. ప్లాట్‌ఫారం ఆ చివర నిలబడి "ఆ ముసలామె ఎవరో నాకు తెలియదు" అని స్టేషను మాస్టరుకు చెబుతున్నాడు.

నా చెయ్యి కూడా గీరుకొన్నది. దయామణి పసుపు పెట్టింది, నువ్వు బెంగపడవద్దు. కానీ సంగతి అర్థమైంది. పలక అంటే పిల్లలు ఒడిలో పెట్టుకొనేది, దానిమీద చెంప ఆనించి నిద్రపోయేది. దానికి అంచు రుద్దాలి. ఈ బండిని ఎవరూ ఒడిలో పెట్టుకోరు. అది ఎట్ల ఉన్నదో అట్లనే చూపించాలి, నున్నగా చూపిస్తే అబద్ధం. ఆ అబద్ధం నమ్మి ఎవరి కొడుకో ఎవరి కొడుకునో కాలుస్తాడు.

అందుకని "అంచులు బాగా రుద్దు" అన్న మాట వెనక్కి తీసుకొంటున్నాను. మీ నాయన మాట కూడా నేనే కొట్టేస్తున్నాను. ఆయన ఉంటే నాతో పోట్లాడేవాడు. లేడు కాబట్టి ఇంటికి పెద్దదాన్ని నేను.

ఇక నీ చేతి సంగతి. అది మానదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చొని వేల చట్రాలు రుద్దినావు, ఇప్పుడు మానుకోమంటే ఎట్ల మానుతుంది? మన కార్ఖానాలో ఎట్ల చేసేవాళ్లం? కోసే చెయ్యి ఒకటి, రుద్దే చెయ్యి ఒకటి. మీ నాయన కోసేవాడు, నేను రుద్దేదాన్ని. నువ్వు అక్కడ రెండూ ఒక్కడివే చేస్తున్నావు. గరుకు కాగితం మొత్తం తీసి ఓబులయ్య చేతికివ్వు. అతను గొర్రెల బొచ్చు కత్తిరించినవాడు, జన్మలో పలక చట్రం ముట్టలేదు. మూల కనపడితే అతని వేళ్లకు దురద పుట్టదు. మన బండిని మాత్రం రుద్దమను, వాళ్ల బండికి రంగు వేసి వదిలెయ్యమను. నువ్వు అడిగినా కాగితం ఇవ్వవద్దని నా మాటగా చెప్పు. ఇస్తే గిద్దలూరు వచ్చి వాళ్లమ్మకు చెబుతానను.

రాత్రి కిటికీ మూసి పడుకో. జూలైలో గాలి మంచిది కాదు.

నీ అమ్మ


బెంగుళూరు శిబిరం.
1944 జూలై.

అమ్మకు వందనాలు.

పరీక్ష అయింది. నువ్వు చెప్పినట్టే చేసినాము. ఓబులయ్య గరుకు కాగితం చొక్కా లోపల పెట్టుకొని తిరిగినాడు. నేను ఒకసారి నిద్రమత్తులో అడిగితే "మీ అమ్మ మా అమ్మకు చెబుతుంది" అని దుప్పటి కప్పుకొన్నాడు. సిపాయిలు ఒక్క బండి కూడా తప్పు చెప్పలేదు. కెప్టెను దొర కొట్టం మూయనన్నాడు. ఇంకా బొమ్మలు కావాలన్నాడు.

ఇక్కడ అంతా బాగున్నది. తిండి బాగున్నది. నేను బాగున్నాను. దయామణికీ పుష్పమ్మకూ నా ముద్దులు.

నిత్యానందం


మార్కాపురం.
1944 జూలై.

నాయనా,

పరీక్ష నెగ్గినందుకు దేవునికి స్తోత్రం. గుడిలో సాక్ష్యం చెప్పినాను.

తిండి బాగున్నదని వ్రాసినావు. పటాలంలో చేరినప్పటి నుంచి నువ్వు తిండి బాగున్నదని వ్రాసిన జాబు ఒక్కటీ లేదు. నా కన్నా ముందు దయామణి పసిగట్టి కాగితం మడిచి పక్కన పెట్టింది. ఏం దాస్తున్నావు? ఈ జాబుకు జవాబు వచ్చేదాకా నేను కుదురుగా తినను. అది నీ మీద ఉంటుంది.

నీ అమ్మ


బెంగుళూరు శిబిరం.
1944 ఆగస్టు.

అమ్మా,

తిండి మునుపటి కన్నా అన్యాయంగా ఉన్నది.

దాచినది ఇది. పరీక్ష అయిన సాయంత్రం కెప్టెను దొర నన్ను పిలిచి, సరిహద్దులో ఉన్న దళాలకు కూడా ఈ పాఠం కావాలన్నాడు. అక్కడ చాలామంది ఇంతవరకూ శత్రువు బండిని కళ్ల చూడలేదట. బొమ్మలన్నీ ఒక పెట్టెలో సర్ది, దళం నుంచి దళానికి తీసుకుపోయి, విప్పి చూపించి నేర్పే మనిషి కావాలి. విరిగితే బాగుచేయగలిగినవాడు, అంచు ఎక్కడ కోసుగా ఉండాలో తెలిసినవాడు. నన్ను పొమ్మన్నాడు. బలవంతం లేదు, ఇష్టమైతేనే అన్నాడు. నేను పోతానన్నాను.

తప్పితే పంపిస్తామన్న చోటికే నెగ్గి పోతున్నాను. అందుకే నీకు ఎట్ల వ్రాయాలో తెలియలేదు. కానీ అమ్మా, వంతెన మోసేవాడిగా కాదు, పాఠం చెప్పేవాడిగా పోతున్నాను. ఆ దిబ్బ దగ్గర అందరూ ఒక్క గొంతుతో "వాళ్లది!" అని అరిచినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఆ అరుపు అక్కడ కూడా వినాలని ఉన్నది.

పోయే ముందు పది రోజులు సెలవు ఇచ్చినారు. సెప్టెంబరులో ఎప్పుడైనా తీసుకోవచ్చు, నెలాఖరుకు మాత్రం అయిపోవాలి. పెట్టె నా బాధ్యత కిందే ఉంటుంది కాబట్టి వెంట తెచ్చుకొని, ఇంటి నుంచి నేరుగా కలకత్తాకు పోవాలి. ఏ రోజు రమ్మంటావో చెప్పు. కోపం ఉంటే అది కూడా చెప్పు.

నీ కొడుకు,
నిత్యానందం


మార్కాపురం.
1944 ఆగస్టు.

నాయనా నిత్యానందం,

ఇది నీ జాబుకు నేను వ్రాసిన రెండో జవాబు. మొదటిది పొయ్యిలో పోయింది. అందులో జ్వరమని చెప్పి పడుకో అని వ్రాసినాను. దయామణి కలం కింద పెట్టేసింది.

"అత్తా, ఈ ముక్క నేను దిద్దను."

"తప్పులుంటే ఉండనీలే. అర్థమైతది."

"తప్పుల సంగతి కాదు. ఆయన పడుకుంటే ఆ పెట్టె ఎవరు విప్పుతారు?"

"ఎవరో ఒకరు. దొరల దగ్గర మనుషులకు కరువా?"

"ఆ ఎవరో ఒకరు, మూల కొట్టుకుపోతే నున్నగా అరగదీసి ఊరుకుంటాడు. ఆయనకు తెలుసు గదా అట్ల చేస్తే ఏమైతదో."

"నీకు భయం లేదా పిల్లా?"

"నీకు తోడు ఉండాల్నని పైకి అనడం లేదు, అంతే" అన్నది. ఇన్నాళ్లూ ఆ పిల్లకు ధైర్యం ఎక్కువ అనుకొన్నాను. ఇద్దరం కలిసి ఆ కాగితాన్ని పొయ్యిలో వేసినాము. తర్వాత అన్నం తిన్నాము. కోపం లేదు నాయనా. నువ్వు ఇష్టపడి ఒప్పుకొన్నావు, మంచి పనికి ఒప్పుకొన్నావు. పో.

ఇప్పుడు నా బెంగ అంతా ఆ పెట్టె మీద పడింది. అక్కడ ఎడతెరిపి లేని వానలట గదా. చెమ్మకు జిగురు వదులుతుంది. ఫిరంగి గొట్టం ఊడితే ట్యాంకు లారీ అవుతుంది. పట్టీ ఊడితే ఏమవుతుందో నాకు తెలియదు. అందుకని పెట్టె తప్పకుండా తీసుకురా. మన కార్ఖానా మేస్త్రీని అడిగి లక్క పాలిషు కుండ తెప్పించి పెట్టినాను. నేనూ దయామణీ ఒక్కొక్క బండికి మూడు పూతలు పూస్తాము. కుంచెతో పూస్తాము, ఇంట్లో గరుకు కాగితం ముక్క కూడా ఉంచము. ఒక్కొక్క పూత నీడన ఆరాలి, కాబట్టి నువ్వు నెల చివర వస్తే కుదరదు. శనివారం దిగితే ఆదివారం గుడికి పోయి, పరీక్ష నెగ్గిన సాక్ష్యం సంఘం ముందు నువ్వే చెప్పవచ్చు. పాస్టరు గారి భార్యకు దూరం నుంచి ఒక బండి చూపించి మనదో వాళ్లదో అడుగుదాము. సోమవారం నుంచి పని మొదలు.

పిచ్చయ్య ఎడ్లబండి కట్టుకొని మార్కాపురం రోడ్డు స్టేషనుకు వస్తాడు. నేనూ వస్తాను. రైలు ఆలస్యమైనా కదలము. కంభం దాటినాక నిద్రపోవద్దు, పెట్టె ఒడిలో పెట్టుకొని కూర్చో. సెప్టెంబరు తొమ్మిదో తారీఖు, శనివారం.

నీ అమ్మ,
సువార్తమ్మ